నరసింహుడి పానకం, నాటుకోడి పులుసు, ఒక గ్లాసు రెడ్ వైను

ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుహ దాకా ఎక్కి దిగినవాడికి తన మోకాళ్లు ఎక్కడున్నాయో బాగా తెలుస్తుంది. భవనాశిని వాగు పక్కన బండలు, మెట్లు, మళ్లీ బండలు. ఫాల్గుణ మాసం కాబట్టి బ్రహ్మోత్సవాల జనం. నల్లమల చెట్లు ఆకు రాల్చి నీడ కూడా పలచబడిన రోజులు. కిందికొచ్చి ఒక అరుగు మీద కూలబడగానే మా బావమరిది స్టీలు గ్లాసొకటి చేతిలో పెట్టాడు. పానకం. బెల్లం నీళ్లు, దంచిన మిరియాలు, యాలకులు, శొంఠి. ముందు తీపి తగిలింది. దాని వెనకే యాలకుల వాసన. గుటక దిగిపోయాక గొంతులో మిరియం చురుకు.

“ఏం బావా, పోయిన నెల హైదరాబాదులో తాగొచ్చిన వైను బాగుండాదా, ఇది బాగుండాదా? సెప్పు.”

వాడిది ఆళ్లగడ్డ. నా వైను ముచ్చట ఇంట్లో అందరికీ తెలిసిపోయింది, అక్కడ నా నోరు కాలిన సంగతితో సహా. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. కానీ ప్రశ్న వదల్లేదు. ఏ తిండికి ఏ పానీయం పొసగుతుంది, ఎందుకు పొసగుతుంది అనేది వెటకారంతో తేలిపోయే విషయం కాదు. దాని వెనక నాలుక, ముక్కు, నరాలు, మెదడు, కొంత రసాయనశాస్త్రం ఉన్నాయి.

ముందు ఆ విందు సంగతి. ఒక మిత్రుడి పుణ్యమా అని వెళ్లాను. ఏడు వాయిల భోజనం, వాయికో గ్లాసు వైను. గ్లాసంటే నిండుగా కాదు, మూడు నాలుగు గుక్కలు. పళ్లెంలో వచ్చేది కూడా అంతే, పిడికెడు. ఆ రాత్రి ప్రత్యేకత ఏమిటంటే వంటలన్నీ రాయలసీమవి, వైన్లు దేశదేశాలవి. ఇలాంటి విందుల్లో ఒక క్రమం పాటిస్తారు. పలచని వైను ముందు, చిక్కనిది తర్వాత. తెల్లది ముందు, ఎర్రది తర్వాత. తీపి వైను అన్నిటికన్నా చివర. ఏది దేనికి జోడీయో చెప్పడానికి ఒక నిపుణుడు ఉంటాడు. ఆయన్ను సొమెలియే అంటారు.

మొదటి జోడీ అదిరింది, ఒప్పుకోవాలి. ఉగ్గాని, పక్కన ఒక మిరపకాయ బజ్జీ, దానికి బుడగలొచ్చే తెల్ల వైను. నూనెలో వేగిన బజ్జీ తిన్నాక నోట్లో ఒక జిడ్డు పొర మిగులుతుంది. పుల్లటి, చురుకైన పానీయం దాన్ని కడిగేస్తుంది. బజ్జీ మీద నిమ్మకాయ పిండి ఉల్లిపాయ ముక్కలు చల్లే బండివాడికి తెలిసిన సూత్రమే ఇది. ఇక ఆ చురుకు సంగతి. గోలీసోడా తాగినప్పుడు నాలుక మీద చిటపటలాడేది బుడగలు పగలడం వల్లనే అనుకుంటాం. నిజానికి అందులో బుడగల వంతు కొంతే. నోట్లోని ఒక ఎంజైము కార్బన్ డయాక్సైడును ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లమే పులుపు కణాలను, చురుకు పసిగట్టే నరాలను తడుతుంది. బుడగలు ఏర్పడకుండా ఎక్కువ గాలి ఒత్తిడిలో ఉన్న గదిలో కూర్చోబెట్టి తాగించినా సోడా చురుకు తెలుస్తుంది.

దెబ్బ నాలుగో వాయిలో తగిలింది. రాగి సంగటి, నాటుకోడి పులుసు, దానికి జోడీగా చిక్కటి రెడ్ వైను. “ఈ వైనులో కూడా మసాలా గుణం ఉంది, కాబట్టి కారానికి సరిపోతుంది” అన్నాడు సొమెలియే. పులుసు ముద్ద దిగింది, బాగానే ఉంది. పైన వైను ఒక గుక్క. అంతే! నోట్లో ఎవరో కుంపటి విసిరినట్టయింది. కారం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. దాని మీద నాలుక ఎండుకుపోయి గరగరలాడింది. నా పక్కనున్నాయన కళ్లు తుడుచుకుంటూ “వెరీ నైస్” అన్నాడు. డబ్బు కట్టి వచ్చిన విందులో మనిషి అంతకన్నా ఏమంటాడు?

ఇందులో వంటవాడి తప్పు లేదు, వైను తప్పూ లేదు. తప్పంతా “మసాలాకు మసాలా” అన్న ఆలోచనది. మిరపకాయలో మంట పుట్టించేది క్యాప్సైసిన్ అనే పదార్థం. అది నాలుక మీది రుచి మొగ్గలతో మాట్లాడదు. వేడిని, నొప్పిని పసిగట్టే నరాల చివర ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. దాన్ని 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, స్పర్శ గ్రాహకాలను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. ఈ గ్రాహకం అసలు పని వేడిని కనిపెట్టడం. సుమారు 43 డిగ్రీలు దాటితే తలుపు తెరుచుకుని “కాలుతోంది” అని మెదడుకు కబురు పంపుతుంది. నంద్యాలలో మే నెల మధ్యాహ్నం గాలి వేడి కూడా ఇంచుమించు అంతే ఉంటుంది, ఆ ఊరివాళ్లకు ఈ అంకె కొత్తగా చెప్పనక్కర్లేదు. క్యాప్సైసిన్ వచ్చి ఈ తలుపు గొళ్లెం తీసేస్తుంది. నోరు నిజంగా కాలదు, కాలుతున్నట్టు మెదడుకు తప్పుడు కబురు వెళ్తుంది. మనం “మంట” అనే మాటను నిప్పుకూ కారానికీ ఒకేలా వాడతాం. శరీరం కూడా ఆ రెంటికీ ఒకే తలుపు వాడుతోంది.

పక్షుల్లో ఈ గ్రాహకం తీరు వేరు, క్యాప్సైసిన్ దాన్ని కదిలించలేదు. పంజరంలో చిలుక పచ్చిమిరపకాయను జామపండులా కొరుక్కు తినడంలో దాని ధైర్యం ఏమీ లేదు.

ఇప్పుడు వైను సంగతి. 2002లో ఒక పరిశోధక బృందం చూపించిందేమిటంటే, ఆల్కహాలు ఈ తలుపు తెరుచుకునే ఉష్ణోగ్రతను దాదాపు 42 నుంచి 34 డిగ్రీలకు దించేస్తుంది. మన ఒంటి వేడి 37. అంటే ఆల్కహాలు తగిలిన చోట మామూలు ఒంటి వేడే ఆ నరానికి మంటలా అనిపించవచ్చు. పుండు మీద స్పిరిట్ పోస్తే భగ్గుమనడానికి కారణం ఇదే. అది ప్రయోగశాలలో కణాల మీద చేసిన పని. నోట్లో జరిగేదానికి అది పూర్తి లెక్క కాకపోవచ్చు. కానీ దిశ మాత్రం తెలుస్తుంది. అప్పటికే నాటుకోడి కారం గొళ్లెం తీసి ఉంచిన తలుపును వైనులోని ఆల్కహాలు ఇంకాస్త తోసింది. పులుసు పొగలు కక్కుతూ ఉండటం మూడో చెయ్యి.

ఎండుకుపోవడం వేరే కథ. రెడ్ వైనులో ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి దిగిన టానిన్లు ఉంటాయి. మన లాలాజలంలో నోటిని జారుగా ఉంచే మాంసకృత్తులు కొన్ని ఉన్నాయి. టానిన్లు వాటిని పట్టుకుని ముద్దలు కట్టిస్తాయి. నూనె అయిపోయిన బండి ఇరుసులా నాలుక, బుగ్గ ఒకదానికొకటి రాసుకుంటాయి. దీనికి మనకు చక్కటి మాట ఉంది: వగరు. పచ్చి అరటికాయ, కరక్కాయ, లేత మామిడి పిందె, వక్క. కారాన్నీ వగరునూ కూడా రుచుల్లో కలిపి మనవాళ్లు షడ్రుచులన్నారు. నేటి శాస్త్రం ఆ రెంటినీ రుచుల జాబితాలోంచి తీసి స్పర్శ, నొప్పి ఖాతాలో వేసింది. ఉగాది పచ్చడి తిన్నప్పుడు నాలుగు రుచులు, రెండు స్పర్శలు తింటున్నామన్నమాట. వగరు, కారం రెండూ ఒకే నోట్లో పడితే రాపిడి పెరిగిన చోట మంట. నా నాలుగో వాయి అదే.

మరి దేన్ని జోడించాల్సింది? 2019లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 72 మందికి కారం తినిపించి, రకరకాల పానీయాలు ఇచ్చి మంట ఎంత తగ్గిందో చూశారు. నీళ్లు, సోడా, కోలా, ఆల్కహాలు లేని బీరు, తియ్యటి పళ్ల రుచి పానీయం, పాలు. గెలిచినవి పాలు, ఆ తియ్యటి పానీయం. వింత ఏమిటంటే వెన్న తీసిన పాలు, వెన్న తీయని పాలు సమానంగా పనిచేశాయి. క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది కాబట్టి పాలలోని కొవ్వే మంట ఆర్పుతుందని అంతకుముందు అనుకునేవారు. అసలు పని చేసేది మాంసకృత్తు అయి ఉండాలి, ముఖ్యంగా కేసిన్ అనేది, అని ఆ పరిశోధకులు భావించారు. చిలికి వెన్న తీసేసిన మజ్జిగలో మిగిలేది కూడా కేసినే. వాళ్లు మజ్జిగ పరీక్షించలేదు, పాలే. అయినా గొడ్డుకారం కలిపిన ముద్ద మీద మజ్జిగ నీళ్లు తాగే రైతుకు ఆ ఫలితం చూపిస్తే “అందుకేనా డబ్బు ఖర్చుపెట్టింది?” అని అడుగుతాడు.

తీపి ఎందుకు పనిచేస్తుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. తీపి సంకేతం మెదడులో మంట సంకేతాన్ని వెనక్కి నెడుతుందని ఒక వివరణ. కానీ తీపి కారాన్ని కప్పేస్తుందన్న సంగతి పాతదే. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడు మిరపకాయల కారం కొలవడానికి ఒక పద్ధతి కనిపెట్టాడు. మిరపకాయ సారాన్ని ఆల్కహాలులో దింపి, దాన్ని చక్కెర నీళ్లలో కలుపుతూ, రుచి చూసేవాళ్లకు కారం తెలియకుండా పోయేదాకా పలచన చేస్తూ పోవడం. ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో ఆ మిరపకాయకు అన్ని స్కోవిల్ యూనిట్లు. ఇప్పుడు యంత్రాలు కొలుస్తున్నాయి గానీ యూనిట్టు పేరు ఆయనదే. కారానికి కొలబద్ద చక్కెర నీళ్లయిందన్నమాట.

ఇక్కడికొచ్చేసరికి చదివేవారికి ఒక మాట నాలుక చివర ఉండి ఉంటుంది: “చూశారా, మన పూర్వీకులకు ఇదంతా ముందే తెలుసు.” లేదండీ. నాకా మాట మీద నమ్మకం లేదు. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. కృష్ణదేవరాయలు అహోబిలం వచ్చి స్వామిని దర్శించుకున్న నాటికి రాయలసీమ వంటింట్లో మిరపకారం లేదు. కారమంటే మిరియం. రాయలు తిన్న పులుసు మన నాటుకోడి పులుసుకు ఎంత దూరమో ఊహించుకోండి. మజ్జిగ అంతకు ఎంతో ముందు నుంచీ ఉంది. మిరపకాయ తర్వాత వచ్చి దాని పక్కన కుదురుకుంది. ఎవరో రసాయనం తెలిసి కూర్చిన జోడీ కాదిది. పనికొచ్చిన అలవాటు నిలిచింది, పనికిరానిది పోయింది. అయినా దాని గొప్ప దానికి ఉంది.

పానకం మాత్రం మిరపకాయకు ముందరి పానీయం, అందులోని మిరియమే దానికి సాక్షి. మిరియాల్లోని పైపరిన్ కూడా ఆ టీఆర్‌పీవీ1 తలుపునే తడుతుంది, కాస్త మెత్తగా. తీపి, మంట ఒకే గ్లాసులో ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకున్న పానీయం అది. వైన్ల భాషలో చెప్పాలంటే, వేరే జోడీ అక్కర్లేకుండా తన జోడీని తనలోనే పెట్టుకుంది. ఎండలో కొండ దిగినవాడికి శక్తినిచ్చేది బెల్లం. అయితే దాన్ని ఓఆర్‌ఎస్‌తో పోల్చేవారున్నారు, అది సరికాదు. పేగు నీటిని త్వరగా పీల్చుకోవడానికి గ్లూకోజుకు సోడియం తోడు కావాలి. పానకంలో మామూలుగా ఉప్పు వేయరు. చెమటలో పోయిన ఉప్పు తిరిగి రావాలంటే ఉప్పు వేసిన మజ్జిగే మేలు. నరసింహుడి సన్నిధిలో ఆ రెండూ దొరుకుతాయి, గొడవ లేదు.

ఆ మధ్యాహ్నం దిగువ అహోబిలంలో ఒక సత్రంలో ఆకు ముందు కూర్చున్నాం. హైదరాబాదు విందులో ఒక్కొక్క పళ్లెం వచ్చి పోయింది. అలా వరసగా వడ్డించే పద్ధతి యూరపులో కూడా మరీ పాతదేం కాదు. 19వ శతాబ్దం దాకా ఫ్రాన్సులో సంపన్నుల బల్ల మీద చాలా వంటలు ఒకేసారి పరిచేవారు. ఒకటి తర్వాత ఒకటి తెచ్చే పద్ధతిని ప్యారిస్‌లో రష్యా రాయబారిగా ఉన్న కురాకిన్ పరిచయం చేశాడంటారు, అందుకే దానికి రష్యను వడ్డన అని పేరు. మన ఆకు ఈ రెండూ కాదు. వంటలన్నీ కళ్ల ముందే ఉంటాయి, తినేది మాత్రం వరసలోనే. పప్పూ నెయ్యి, కూర, పులుసు, చారు, చివర పెరుగో మజ్జిగో. ఈ వరసను కాగితం మీద రాసి ఎవరూ ఇవ్వరు. చారన్నం తర్వాత పప్పన్నానికి పోయేవాణ్ణి చూసి పక్కవాళ్లే నవ్వుతారు.

క్రమం ఎందుకు? ఒక కారణం నాలుక అలవాటు పడిపోవడం. లడ్డు తిని టీ తాగితే టీ చప్పగా ఉంటుంది, చక్కెర వేయలేదేమో అనిపిస్తుంది. తీపి గ్రాహకాలు అప్పటికే లడ్డుకు మొద్దుబారాయి. వైను విందులో తీపి పదార్థాన్ని ఆఖరికి నెట్టేది, దానితో ఇచ్చే వైను దానికన్నా తియ్యగా ఉండాలనేది ఇందుకే. లేకపోతే మంచి వైను కూడా పుల్లనీళ్లవుతుంది. ఆ రాత్రి ఏడో వాయిలో ఓళిగతో ఇచ్చిన చిక్కటి తీపి వైను ఈ పరీక్షలో నెగ్గింది. మన విస్తట్లో తీపిని ముందు వడ్డిస్తారు. సుశ్రుత సంహిత కూడా తీపి ముందు, పులుపు ఉప్పు నడుమ, మిగతావి చివర అంటుంది. పక్కన పుల్లటి వైను లేని భోజనంలో తీపి ముందొస్తే నష్టమేమీ లేదు. ఏ క్రమం సరైనదని కాదు, పక్కన ఏముందనేదే ప్రశ్న.

రెండో కారణం ఆకలి. పప్పన్నం ఇక వద్దనిపించినవాడు పులుసన్నానికి మళ్లీ చెయ్యి చాపుతాడు. దీన్ని 1980ల మొదట్లో బార్బరా రోల్స్, ఎడ్మండ్ రోల్స్ తదితరులు పరీక్షించి చూశారు. మనిషికి విసుగు పుట్టేది తిన్న రుచి మీదే, తిండి మీద కాదు. కొత్త రుచి వస్తే కోరిక మళ్లీ మొదలవుతుంది. పెళ్లి భోజనంలో “ఇంక ఒక్క మెతుకు కూడా వద్దు” అన్న పెద్దమనిషి ఓళిగ కనబడగానే చెయ్యి అడ్డం పెట్టడం మరిచిపోయేది ఇందుకే. సత్రంలో వడ్డించే అబ్బాయికి ఈ శాస్త్రం తెలియదు, ఫలితం తెలుసు. “ఇంగ రోంత యెయ్యమంటారా సామీ?” అని వచ్చినప్పుడల్లా చేతిలో గిన్నె మారింది.

మాంసం, వగరు సంగతి కూడా ఒకటి చెప్పాలి, రెడ్ వైనును పూర్తిగా తిట్టి వదిలేస్తే అన్యాయం. కారం లేని, కొవ్వున్న మాంసంతో అది ఎందుకు పొసగుతుందో 2012లో పాల్ బ్రెస్లిన్, ఆయన తోటి పరిశోధకులు తేల్చారు. కొవ్వున్న ఎండు మాంసం తింటూ మధ్యమధ్య వగరు పానీయం గుక్కలుగా తాగినవాళ్ల నోట్లో జిడ్డు భావం తగ్గింది. జారుడు, గరుకు రెండూ ఒకే తక్కెడకు రెండు వైపులు. ఈ ప్రయోగంలో వాళ్లు ద్రాక్ష గింజల సారాన్నీ టీనీ వాడారు. ఇది చదివినప్పుడు నాకు తట్టింది తాంబూలం. నెయ్యి, నూనె, పెరుగు అన్నీ అయ్యాక వక్కలోని టానిన్లు నోటిని గరుకు చేసి జిడ్డు దించేస్తాయి. యూరపువాడు వగరును భోజనం పొడుగునా గుక్కగుక్కగా తాగాడు, మనవాడు చివర ఒక్కసారి నమిలాడు. అయితే వక్కను రోజూ నమిలేవారికి నోటి క్యాన్సరు ముప్పుందని వైద్యులు తేల్చి చెప్పారు. ఆల్కహాలు కూడా అదే జాబితాలో ఉంది. జోడీ కుదిరినంత మాత్రాన ఒంటికి మంచిదైపోదు.

వైనుకూ మజ్జిగకూ చుట్టరికం కూడా ఉంది. రెండూ పులిసినవే. ద్రాక్ష రసంలో ఈస్టు చక్కెరను ఆల్కహాలు చేస్తుంది. పాలలో లాక్టిక్ బ్యాక్టీరియా చక్కెరను లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. అక్కడితో దారులు వేరు కావు. చాలా వైన్లలో ఈస్టు పని అయ్యాక బ్యాక్టీరియా కూడా దిగి, పచ్చి ఆపిల్‌లా పదునైన మాలిక్ ఆమ్లాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ పనిలో డైఎసిటైల్ అనే వాసన పదార్థం పుడుతుంది. కొన్ని తెల్ల వైన్లను సొమెలియే “వెన్న వాసన” అంటూ మెచ్చుకునేది దాన్నే. అది వట్టి పోలిక కాదు, అక్షరాలా నిజం. వెన్నకు ఆ కమ్మటి వాసన ఇచ్చేది డైఎసిటైలే. ఆ రాత్రి ఆయన ఒక గ్లాసు తిప్పి తిప్పి వాసన చూసి వెన్న అన్నప్పుడు మా అవ్వ కవ్వం గుర్తొచ్చింది. పైకి అంటే బాగుండదని మింగేశాను.

జోడీలు కుదర్చడానికి ఒక సిద్ధాంతం కూడా ప్రచారంలో ఉంది. ఒకే వాసన పదార్థాలున్న రెండు తిండ్లు కలిస్తే బాగుంటాయని. 2011లో వేల కొద్దీ వంటకాలను కంప్యూటరులో వేసి చూస్తే పశ్చిమ దేశాల వంటల్లో అది కొంత నిజమైంది, తూర్పు ఆసియాలో తిరగబడింది. 2015లో జోధ్‌పూర్ ఐఐటీలో గణేశ్ బాగ్లర్ బృందం రెండున్నర వేలకు పైగా భారతీయ వంటకాలను అలాగే లెక్కగట్టింది. మన వంటల్లో కలిసే దినుసులు ఒకదానితో ఒకటి పెద్దగా పోలికలేనివి. పోలిక లేనివాటినే పనిగట్టుకుని కలుపుతున్నాం. దీనికి ఎక్కువ కారణం మసాలా దినుసులే. పులిహోరలో చింతపండు, ఇంగువ, ఆవాలు, శెనక్కాయలు, కరివేపాకు ఏ కోశానా బంధువులు కావు. అందుకే ఒక వైను వచ్చి “నేను ఈ పళ్లేనికి జోడీ” అనడం కష్టం. పళ్లెంలో దేనికి జోడీ? పోలికను నమ్ముకున్న పద్ధతి తేడాను నమ్ముకున్న వంట ముందు తడబడుతుంది. నాలుగో వాయికి నేను రాసే తీర్పు ఇదే. అక్కడ కాస్త తియ్యటి, ఆల్కహాలు తక్కువున్న చల్లటి తెల్ల వైను ఇచ్చి ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదు.

అహోబిలం కొండల్లో మత్తు పానీయమే లేదనుకోవద్దు. నల్లమల చెంచులకు ఇప్పపూవు తెలుసు. ఎండాకాలం మొదట్లో రాలే ఆ పూల రెక్కల్లో చక్కెర నిండుగా ఉంటుంది. పులియబెట్టి బట్టీ పడితే సారా. కొండ తేనె కూడా వాళ్ల చేతుల మీదుగానే ఊళ్లోకి వచ్చేది. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహుడు చెంచులకు అల్లుడు. సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవంలో స్వామి ఊళ్లు తిరుగుతూంటే చెంచులు ఆ వరసతోనే ఎదురొస్తారు. గుళ్లో పానకం, అడవిలో ఇప్పసారా: ఒకే దేవుడి రెండు అత్తగారిళ్లు అనిపిస్తుంది నాకు.

చివరగా మెదడు. 2001లో ఫ్రాన్సులోని బోర్డోలో వైను చదువు చదివే 54 మందికి తెల్ల వైనులో రుచీ వాసనా లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని రెడ్ వైనుకు వాడే మాటలతో వర్ణించారు. 2008లో కాలిఫోర్నియాలో 20 మందిని స్కానరులో పడుకోబెట్టి గొట్టంతో వైను తాగించారు. ఒకే వైనును ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పారు. 90 అన్నప్పుడు ఎక్కువ బాగుందన్నారు. అది మొహమాటం కాదు. సుఖాన్ని లెక్కగట్టే మెదడు భాగం నిజంగానే ఎక్కువ చురుగ్గా పనిచేసింది. “వెరీ నైస్” అన్న నా పక్కాయన్ను అప్పుడు మనసులో వెక్కిరించాను, ఇప్పుడు క్షమాపణ. ఆయనకు నిజంగానే బాగుండి ఉండొచ్చు.

మరి గుడి పులిహోర? అదే బియ్యం, అదే చింతపండు, అదే చెయ్యి, ఇంట్లో చేస్తే ఆ రుచి రాదంటాం. రెండు గంటలు కొండెక్కిన ఆకలి, విస్తరాకు వాసన, చేతికందేదాకా నిలబడ్డ వరస, ప్రసాదమన్న మాట, ఇవన్నీ ఆ పిడికెడు అన్నంలో కలుస్తాయి. బావమరిది అడిగినదానికి నా జవాబు అక్కడే ఉంది. అహోబిలంలో పానకం బాగుంది. అదే పానకం ఆ హోటలు ఏసీ గదిలో సన్న కాడ గ్లాసులో ఇచ్చి ఉంటే నేను అంత మెచ్చుకునేవాణ్ణి కాదు. వాడితో ఈ మాట ఇంకా అనలేదు.

మీరు అహోబిలం వెళ్తే ఒక పని చేయండి. పానకం మొదటి గుక్క తీసుకునే ముందు రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకోండి. బెల్లం తీపి, మిరియం చురుకు మాత్రమే తెలుస్తాయి, యాలకుల జాడ ఉండదు. గుటక వేయకముందే ముక్కు వదలండి. గొంతు వెనక నుంచి గాలి ముక్కులోకి ఎక్కగానే యాలకులు ఒక్కసారిగా వస్తాయి. అది నాలుక రుచి కాదు, ముక్కుది. వరసలో మీ వెనకున్నవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.